సైకిల్‌ని మీ ఒంటికి తగ్గట్టు సరిచేసుకోవడం: పెడల్ నుంచి హ్యాండిల్ దాకా

సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాలి, అప్పుడే సైకిల్ మనకి సరిపోయినట్టు. ఇది మనలో చాలామందికి చిన్నప్పటి నుంచీ ఉన్న నమ్మకం. కొత్త సైకిల్ కొన్నప్పుడు షాపులో కూడా ఇదే చూస్తారు. ఎక్కి కూర్చోమంటారు, కాళ్ళు ఆనుతున్నాయా అని అడుగుతారు, ఆనకపోతే సీటు దించి బిగించి పంపేస్తారు. మోకాళ్ళ నొప్పులకి మొదలు అక్కడే.

నా సైకిల్ కూడా అలాగే వచ్చింది. రెండేళ్ళు అలాగే తొక్కాను. పది కిలోమీటర్లు దాటితే మోకాలి చిప్ప కింద పట్టేసేది. వయసు వల్లనేమో అనుకుని తొక్కడం తగ్గించాను కూడా. చివరికి ఒక ఆదివారం సీటు నాలుగు సెంటీమీటర్లు పైకి లేపాను, విడతలు విడతలుగా. నెల తిరిగేసరికి నొప్పి పోయింది. ఆ రోజు నుంచి ఇంట్లోవాళ్ళవీ చుట్టుపక్కలవాళ్ళవీ ఎన్నో సైకిళ్ళు సరిచేశాను. సగానికి పైగా సైకిళ్ళలో తప్పు ఒకటే, సీటు కిందికి ఉండటం.

మొదలుపెట్టే ముందు వరస గుర్తుపెట్టుకోండి: పాదం, సీటు ఎత్తు, సీటు ముందు వెనకలు, సీటు వాలు, ఆ తర్వాతే హ్యాండిల్. సైకిల్‌లో మనం జరపలేనిది పెడల్ తిరిగే చోటు ఒక్కటే. అందుకే కొలతలన్నీ అక్కడి నుంచి పైకి రావాలి. హ్యాండిల్ దూరంగా ఉందని సీటుని ముందుకి జరిపేవాళ్ళు చాలామంది ఉన్నారు. చేతుల బాధ తీరుతుంది కానీ ఆ బరువంతా మోకాలి మీద పడుతుంది.

ఏమేం కావాలి

గేర్ సైకిల్ అయితే 4, 5, 6 ఎంఎం అలెన్ కీలు చాలు. పాతకాలం నల్ల సైకిల్ అయితే స్పానర్ల సెట్టు కావాలి. వీటితోపాటు కొలత టేపు, కొంచెం దారం, దానికి కట్టడానికి ఒక నట్టు, కరెంటు పనికి వాడే ఇన్సులేషన్ టేపు, ఫోను దగ్గర పెట్టుకోండి. పక్కన ఒక మనిషి ఉంటే పని సులువు.

ఏదైనా కదిపే ముందు ఇప్పుడున్న కొలతలు రాసుకోండి. పెడల్ కాడలు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఎంత, సీటు కొస నుంచి హ్యాండిల్ మధ్యకి ఎంత. సీటు రాడ్డు ఫ్రేములోకి దిగే చోట టేపు ముక్క చుట్టండి. మార్పు నచ్చకపోతే వెనక్కి రావడానికి దారి ఉండాలి.

ఇంకో మాట. ఫ్రేము సైజే తప్పయితే ఏ సర్దుబాటూ పూర్తిగా పనిచేయదు. చెప్పులో బూట్లో వేసుకుని అడ్డ రాడ్డుకి అటూ ఇటూ కాళ్ళు పెట్టి నిలబడండి. రాడ్డుకీ మీ కాళ్ళ సందుకీ మధ్య కనీసం రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. మట్టి దారుల్లో తిరిగే మౌంటెన్ బైక్ (ఎంటీబీ) అయితే ఐదు సెంటీమీటర్లు, అంతకన్నా ఎక్కువున్నా మంచిదే. రాడ్డు తగులుతుంటే ఆ సైకిల్ మీది కాదు, ఎంత తక్కువకి వచ్చినా.

పాదం

పెడల్ మధ్యలో ఉండే ఇరుసు పాదంలో ఏ చోటు కిందికి రావాలి? బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మెత్త ఉంటుంది కదా, దాని కిందికి, లేదా దానికి ఒక వేలి మందం వెనక్కి. పాదం మధ్య గుంటతో తొక్కడం మనలో చాలామందికి అలవాటు. సీటు కిందికి ఉన్నప్పుడు ఆ అలవాటు దానంతట అదే వస్తుంది, సీటు ఎత్తు సరయ్యాక చాలావరకు అదే పోతుంది. పాదాలని బలవంతంగా తిన్నగా పెట్టాలని చూడకండి. మీరు నడిచేటప్పుడు వేళ్ళు కొంచెం బయటికి తిరిగి ఉంటే పెడల్ మీద కూడా అలాగే ఉండనివ్వండి. బూటు పెడల్‌కి బిగుసుకునే క్లీట్లు వాడేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే క్లీటు వంకరగా బిగిస్తే ప్రతి తిప్పులోనూ మోకాలు మెలి తిరుగుతుంది.

సీటు ఎత్తు

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి.

సైకిల్‌ని గోడ పక్కన పెట్టి ఎక్కండి. ఒక మోచెయ్యి గోడకి ఆనించండి. రోజూ ఏ చెప్పులతో తొక్కుతారో అవే వేసుకోండి. ఇప్పుడు పాదం ముందు భాగం కాకుండా మడమని పెడల్ మీద పెట్టి, పెడల్‌ని వెనక్కి తిప్పుతూ పూర్తిగా కిందికి తీసుకెళ్ళండి. అక్కడ మీ కాలు సరిగ్గా తిన్నగా అవ్వాలి. మోకాలు ఇంకా వంగి ఉందంటే సీటు తక్కువ. మడమ పెడల్‌ని అందుకోలేకపోయినా, అందుకోవడానికి నడుము ఒక పక్కకి ఒరిగినా సీటు ఎక్కువ. సరిపోయాక పాదాన్ని మామూలుగా తొక్కే చోటికి తెచ్చుకుంటే మోకాలు కొద్దిగా వంగుతుంది. మనకి కావలసిన వంపు అదే.

లెక్కతో చూసుకోవాలంటే ఇంకో పద్ధతి ఉంది. చెప్పులు లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, ఒక అట్ట పుస్తకాన్ని కాళ్ళ మధ్య సీటులా పైకి గట్టిగా నొక్కి, దాని పైఅంచు నుంచి నేలదాకా కొలవండి. దాన్ని 0.883తో గుణించండి. 78 సెంటీమీటర్లు వస్తే 68.9. పెడల్ కాడల ఇరుసు మధ్య నుంచి, సీటు రాడ్డు వెంట, సీటు పైభాగం దాకా అంత ఉండాలి. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసుని 1986, 1989, 1990ల్లో గెలిచిన అమెరికన్ గ్రెగ్ లెమాండ్ పేరుతో, ఆయన కోచ్ సిరిల్ గిమార్ పేరుతో ఈ లెక్క బాగా తెలుసు. అది రేసు సైకిళ్ళ కోసం వచ్చిన లెక్క కాబట్టి మందం చెప్పులకీ పొట్టి పెడల్ కాడలకీ కొంచెం తేడా వస్తుంది. నేనైతే మడమ పద్ధతితో పెట్టి, ఈ లెక్కతో సరిచూసుకుంటాను. రెండింటికీ సెంటీమీటరు లోపు తేడా ఉంటే బెంగ లేదు.

చివరగా ఫోను పని. పక్కవాళ్ళని పక్క నుంచి ఫొటో తీయమనండి, పెడల్ పూర్తిగా కిందున్నప్పుడు. తొడ గీత, పిక్క గీత కలిసేచోట, కాలు పూర్తిగా తిన్నగా ఉంటే సున్నా అనుకుని, వంపు 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలి. తర్వాత వెనక నుంచి ఒక వీడియో తీయించండి. తొక్కుతున్నప్పుడు నడుము పట్టీ గీత తక్కెడలా అటూ ఇటూ ఒరుగుతుంటే సీటు ఎక్కువైంది, అర సెంటీమీటరు దించండి.

చాలా రోజులుగా తక్కువ సీటుతో తొక్కినవాళ్ళు ఒక్కసారే పూర్తి ఎత్తుకి వెళ్ళకండి. మూడు నాలుగు రోజులకి అర సెంటీమీటరు చొప్పున లేపండి. కండరాలకి అలవాటు కావాలి.

మరి ఆగేదెలా?

సీటు లేపగానే అందరికీ వచ్చే భయం ఇదే. నిజమే, సరైన ఎత్తులో కూర్చుంటే మహా అయితే ఒక కాలి మునివేళ్ళు నేలకి తగులుతాయి. అందుకే సీటు మీద కూర్చుని ఆగకూడదు, సీటు ముందుకి దిగి ఆగాలి. బ్రేకు వేస్తూ ఒక పెడల్ కిందికి తెచ్చి ఒంటి బరువు ఆ కాలి మీద పెట్టండి. సీటు నుంచి లేచి అడ్డ రాడ్డు మీదికి ముందుకి జారండి. రెండో కాలు హాయిగా నేల మీద పడుతుంది. బయల్దేరేటప్పుడు అలాగే రాడ్డుకి అటూ ఇటూ నిలబడి, ఒక పెడల్‌ని గడియారంలో రెండు గంటల ముల్లు ఉండే చోటికి తెచ్చి, దాన్ని తొక్కుతూ పైకి లేస్తే సీటు మీద పడతారు. ఖాళీ సందులో పావుగంట సాధన చేస్తే వస్తుంది. ఈ ఒక్క అలవాటు రానంతకాలం సీటు మళ్ళీ మళ్ళీ కిందికే వస్తుంది, నేను చాలామందిని చూశాను.

అయితే దీనికి మినహాయింపులు ఉన్నాయి. మా చిన్నాన్న ఊళ్ళో పాలు పోస్తారు. రోజూ తెల్లవారుజామున నల్ల సైకిల్‌కి రెండు పక్కలా క్యాన్లు తగిలించుకుని వెళ్తారు. మోకాళ్ళు లాగుతున్నాయంటే పండక్కి వెళ్ళినప్పుడు చూశాను. ఏళ్ళ తరబడి కదలని సీటు రాడ్డు తుప్పుతో ఫ్రేములో అతుక్కుపోయింది. రాత్రి అతుకు చుట్టూ కిరసనాయిలు, కొంచెం నూనె కలిపి పోసి వదిలేశాం. పొద్దున నట్టు వదులు చేసి, సీటుని పట్టుకుని కుడికీ ఎడమకీ తిప్పుతూ పైకి లాగితే కిర్రుమంటూ కదిలింది. బయటికి తీస్తే రాడ్డు మీద ఒక ఉంగరంలా గీత. ఎన్నేళ్ళ నుంచి అక్కడే ఉందో ఆ గీతే చెప్పింది. ఎమెరీ కాగితంతో రుద్ది, గ్రీజు పట్టించి, మూడు సెంటీమీటర్లు పైకి పెట్టి బిగించాం.

"ఏరా, ఇంత ఎత్తు పెట్టావు, క్యాన్లతో పడిపోనా?" అన్నారు.

"ముందు ఖాళీగా ఒక రౌండు వేసి రండి చిన్నాన్నా" అన్నాను.

పదిహేను నిమిషాలకి వచ్చారు. సైకిల్ స్టాండు వేస్తూ, "చెరువు కట్ట ఎక్కేటప్పుడు లేచి తొక్కలేదురా ఇవాళ" అన్నారు.

మడమ లెక్క ప్రకారం ఇంకో సెంటీమీటరున్నర లేపాలి. కానీ లేపలేదు. రెండు క్యాన్ల బరువుతో మట్టి దారిలో ఆగితే కాలు నేల మీద గట్టిగా పడాలి. బరువులు మోసేవాళ్ళకీ, వయసు మళ్ళినవాళ్ళకీ, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళకీ రెండు సెంటీమీటర్ల దాకా తగ్గించి పెట్టడంలో తప్పు లేదు.

రాడ్డు పైకి లాగేటప్పుడు ఒక జాగ్రత్త. కొత్త రాడ్ల మీద ఇంతకన్నా పైకి లాగకూడదని అడ్డగీత చెక్కి ఉంటుంది. ఆ గీత బయటికి కనపడకూడదు. పాత రాడ్ల మీద గీత ఉండదు, కనీసం ఏడెనిమిది సెంటీమీటర్లు లోపల ఉండేలా చూడండి. లేకపోతే గుంతలో పడ్డప్పుడు రాడ్డు వంగుతుంది, లేదా ఫ్రేము చీలుతుంది. ఇంకా ఎత్తు కావాలంటే పొడుగు రాడ్డు కొనండి, పెద్ద ఖర్చు కాదు. కార్బన్ రాడ్డుకి మాత్రం గ్రీజు రాయకండి, దానికి వేరే పేస్టు ఉంటుంది. ఎంత బిగించాలో క్లాంపు మీదో రాడ్డు మీదో రాసి ఉంటుంది, సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు. అంతకు మించితే పగులుతుంది.

సీటు ముందుకీ వెనక్కీ

సీటు కింద రెండు కమ్మీలు ఉంటాయి. క్లాంపు వదులు చేస్తే సీటు వాటి మీద జారుతుంది. గోడ పక్కన ఎక్కి పెడల్ కాడలు రెండూ నేలకి సమాంతరంగా ఉండేలా పెట్టండి. ముందున్న కాలి మోకాలి చిప్ప కింద ఉండే ఎముక గుబ్బ నుంచి దారం వేలాడదీయండి, చివర నట్టుతో. మేస్త్రీ గోడ నిలువు చూసుకున్నట్టే. దారం పెడల్ ఇరుసు మీదుగా, లేదా దానికి ఒక సెంటీమీటరు వెనకగా పోతే మంచి మొదలు. దారం ఇరుసు దాటి ముందుకి పోతుంటే సీటు వెనక్కి జరపాలి.

మొదలు అని ఎందుకన్నానంటే, ఇది శాసనం కాదు. నల్ల సైకిళ్ళలో సీటు గొట్టం బాగా వెనక్కి వాలి ఉంటుంది. వాటి మీద నిటారుగా కూర్చుంటాం. అక్కడ దారం ఎప్పుడూ వెనకే పడుతుంది, దాని గురించి పట్టించుకోనక్కర్లేదు.

సీటు వెనక్కి జరిపితే పెడల్‌కి దూరం కూడా పెరుగుతుంది. మామూలు గేర్ సైకిళ్ళలో సెంటీమీటరు వెనక్కి జరిపితే ఎత్తు మూడు మిల్లీమీటర్లు పెరిగినట్టే. కాబట్టి జరిపాక మడమ పరీక్ష మళ్ళీ చేయండి.

సీటు వాలు, అసలు సీటు

సీటు మీద పొడుగు చెక్కబద్ద పెట్టి, దాని మీద రసమట్టం పెట్టండి. ఫోనులో కూడా ఉంటుంది. సమంగా ఉండాలి. సీటు ముక్కు, అంటే ముందు కొస, ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉన్నా ఫర్వాలేదు. ముక్కు పైకి లేస్తే ముందు భాగంలో నరాలు నొక్కుకుని తిమ్మిరి వస్తుంది. ఆ తిమ్మిరిని ఆడవాళ్ళైనా మగవాళ్ళైనా సిగ్గుపడి దాచుకోకండి, అలవాటైపోతుందిలే అని ఊరుకోకండి. మరీ కిందికి వంచితే ఒళ్ళు ముందుకి జారి బరువంతా అరచేతుల మీదికి వస్తుంది.

మెత్తగా ఉంటే బాగుంటుందని జెల్ కవరు తొడుగుతారు. అరగంట వరకు హాయిగానే ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ ఎముకలు మెత్తలో దిగిపోయి, వాటి మధ్య ఉండే మెత్తటి భాగం నలుగుతుంది. సీటులో మెత్తదనం కన్నా వెడల్పు ముఖ్యం. అట్టపెట్టె ముక్క ఒకటి గట్టి బల్ల మీద పెట్టి, దాని మీద కొద్దిగా ముందుకి వంగి ఒక నిమిషం కూర్చుని లేవండి. కూర్చునే ఎముకలు రెండు గుంటలు చేస్తాయి. ఆ గుంటల మధ్యల దూరానికి రెండు సెంటీమీటర్లు కలిపితే మీకు కావలసిన వెడల్పు సుమారుగా వస్తుంది. నిటారుగా కూర్చుని తొక్కేవాళ్ళకి ఇంకొంచెం ఎక్కువ.

హ్యాండిల్

సీటు కుదిరాక ఇక సీటుని ముట్టుకోకండి. మామూలుగా తొక్కే భంగిమలో హ్యాండిల్ పట్టుకోండి. మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి, భుజాలు చెవుల దగ్గరికి లేవకూడదు. పరీక్ష సులువు: నెమ్మదిగా తొక్కుతూ వేళ్ళతో వీణ తీగలు మీటినట్టు హ్యాండిల్ మీద ఆడించి చూడండి. వేళ్ళు ఆడకపోతే బరువు చేతుల మీదే ఉంది. ఆఫీసుకీ బజారుకీ తొక్కేవాళ్ళకి హ్యాండిల్ సీటుతో సమానంగా గానీ కొంచెం పైన గానీ ఉంటే మెడకి మంచిది. రేసు వాళ్ళలా కిందికి పెట్టుకోవాలన్న మోజు నడుము వంగేవాళ్ళకే పనికొస్తుంది.

ఎత్తు మార్చడం సైకిల్‌ని బట్టి ఉంటుంది. పాత రకంలో హ్యాండిల్ కాడ ఫ్రేము గొట్టం లోపలికి దిగి ఉంటుంది. పైన బోల్టుని మూడు నాలుగు చుట్లు వదులు చేసి, దాని మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేస్తే లోపలి పట్టు ఊడుతుంది. అప్పుడు లేపుకోవచ్చు, దీనికీ గీత ఉంటుంది, దాటకండి. రాడ్డు బ్రేకులున్న సైకిల్ అయితే హ్యాండిల్‌తోపాటు బ్రేకు రాడ్లూ లేస్తాయి. వాటిని మళ్ళీ సరిచేసి, బ్రేకు పడుతుందో లేదో చూసుకోకుండా రోడ్డెక్కకండి.

కొత్త రకంలో స్టెమ్, అంటే హ్యాండిల్‌ని పట్టి ఉంచే పొట్టి కాడ, ఫ్రేము నుంచి పైకి వచ్చే గొట్టాన్ని బయట నుంచి పట్టుకుని ఉంటుంది, దాని కిందా పైనా ఉంగరాలు ఉంటాయి. ముందు పై మూత బోల్టు తీసి, తర్వాత స్టెమ్ పక్క బోల్టులు వదులు చేయండి. పైన ఉన్న ఉంగరాలని కిందికి మారిస్తే హ్యాండిల్ లేస్తుంది. స్టెమ్‌నే తిరగేసి పెడితే రెండు సెంటీమీటర్ల దాకా తేడా వస్తుంది. తిరిగి బిగించేటప్పుడు వరస తప్పకూడదు: ముందు పై మూత కొద్దిగా బిగించి ఆట పోగొట్టండి, హ్యాండిల్ చక్రానికి తిన్నగా చూసుకోండి, తర్వాతే పక్క బోల్టులు. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే టకటక శబ్దం రాకూడదు.

హ్యాండిల్ దూరమే సమస్య అయితే పొట్టి స్టెమ్ వేయించుకోండి, ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గితే చాలు.

బ్రేకు లివర్లు తిన్నటి హ్యాండిల్ మీద నేలకి సమాంతరంగా ఉంచేస్తారు. అప్పుడు మణికట్టు పైకి విరిచి పట్టుకోవాలి. ముంజేతి గీతలోకి వచ్చేలా కిందికి తిప్పండి, మణికట్టు తిన్నగా అవుతుంది. చిన్న చేతులవాళ్ళకి లివర్ అందకపోతే దాని మొదట్లో చిన్న స్క్రూ ఉంటుంది, బిగిస్తే లివర్ దగ్గరికి వస్తుంది.

తొక్కి చూడటం

ఒకసారికి ఒక్క మార్పే, అదీ మూడు నాలుగు సార్లు తొక్కాకే ఇంకోటి. రెండు మూడు కలిపి మారిస్తే దేనివల్ల మేలైందో తెలియదు. సిగ్నళ్ళు లేని దారి దొరికితే బాగా తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ దీనికి చాలా అనువు. విశాఖలో తెల్లవారుజామున బీచ్ రోడ్డు. పల్లెల్లో కాలవ గట్టు ఎప్పుడూ ఉంది.

నొప్పి వచ్చే చోటే చాలాసార్లు కారణం చెబుతుంది. మోకాలి ముందు నొప్పి అయితే సీటు తక్కువగా గానీ మరీ ముందుకి గానీ ఉంది. మోకాలి వెనక లాగుతుంటే సీటు ఎక్కువ, లేదా వెనక్కి ఎక్కువ జరిగింది. అరచేతులు తిమ్మిరెక్కితే సీటు ముక్కు వంగిందేమో ముందు చూడండి, తర్వాత హ్యాండిల్. మెడ పట్టేస్తే హ్యాండిల్ దూరం, లేదా కిందికి. టైర్లలో గాలి మరీ ఎక్కువ కొట్టినా చేతులు అదురుతాయి, అది మరిచిపోకండి. సరిచేసి రెండు మూడు వారాలైనా నొప్పి తగ్గకపోతే, మోకాలు వాస్తే సైకిల్‌ని వదిలి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

పిల్లల సైకిల్

"పెరిగే పిల్లాడు, ఒక సైజు పెద్దదే తీసుకుందాం" అనుకోవడం బట్టల వరకు సరే. పెద్ద సైకిల్ మీద పిల్లలకి బ్రేకు అందదు, ఆగడానికి నేల అందదు. వాళ్ళకి సరిపోయే చక్రం సైజే కొనండి. నేర్చుకునేటప్పుడు రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి, పిల్లలకి అదే సరైన లెక్క. బాలెన్సు వచ్చాక కొద్దికొద్దిగా లేపుతూ మడమ పద్ధతికి తీసుకెళ్ళండి. మూడు నెలలకోసారి గోడ పక్కన ఎక్కించి చూడండి, స్కూలు సెలవుల్లో ఒక్కోసారి రెండు సెంటీమీటర్లు పెరిగిపోతారు.

అన్నీ కుదిరాక చివరి కొలతలు మళ్ళీ రాసుకోండి. సీటు రాడ్డు మీద కొత్త టేపు చుట్టండి. సర్వీసుకి ఇచ్చినప్పుడో బస్సు మీద వేసి ఊరికి తీసుకెళ్ళినప్పుడో సీటు తీస్తారు, అందినంత ఎత్తులో మళ్ళీ పెడతారు. ఇంటికి రాగానే ముందు ఆ టేపు ఎక్కడుందో చూడండి.